మామిడికుదురు వింటోందండీ

సూర్యావతిని చూడడానికి చాలా ముందు నుంచీ నేను ఆమెను వింటున్నాను.

మాది సిద్దిపేట. జిల్లా పరిషత్ బడిలో ఫిజిక్స్ చెబుతాను. పొద్దున్నే పాలు పొంగేలోపు వైర్‌లెస్ సెట్ ముందు కూర్చోవడం నా అలవాటు. దీన్ని హ్యామ్ రేడియో అంటారు. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు సొంత సెట్లు పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. మధ్యలో టవరూ ఉండదు, సిమ్మూ ఉండదు. ఆకాశమే మా తీగ. అలా ఒకరోజు గరగర చప్పుళ్ళ నడుమ "నమస్కారమండీ, నేను మామిడికుదురు నుంచండీ" అని ఒక ఆడగొంతు వినబడింది. ఆ గొంతే సూర్యావతిది. కోనసీమలో కొబ్బరితోటల ఇంటి కోడలు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక పుస్తకాలు ముందేసుకుని పరీక్ష పాసైంది. ఆ రోజు నుంచి రోజూ పలకరించుకుంటూనే ఉన్నాం.

ఒక వరదకి వాళ్ళ వైపు కరెంటు పోయి, టవర్లు ఆగిపోయి, గోదావరి మధ్య దీవుల్లాంటి లంకల్లో ఉన్నవాళ్ళ మంచిచెడ్డలు తెలియక ఊళ్ళన్నీ అల్లాడిపోయాయట. అప్పటి నుంచి ఆమెకి ఒకటే పట్టుదల. కోనసీమలో ఏ మూల నుంచి చిన్న చేతి సెట్టుతో పిలిచినా తన ఇంట్లో వినబడాలి. దగ్గరి దూరాలకి పనికొచ్చే సెట్లు వేరు. వాటికి ఏంటినా ఎత్తున ఉండాలి, కొబ్బరిమట్టల కంటే పైన ఉండాలి. అందుకని తోటలో అన్నిటికంటే పొడుగు చెట్టుకి ఇనుప పైపు కట్టించి, దాని చివర తాను చేసుకున్న ఏంటినా బిగించింది. పిడుగుకి భయం లేకుండా రాగి తీగ భూమిలోకి దింపింది. అయితే చెట్టు మామగారిది. కాయ కాసే చెట్టుకి ఇనుము కట్టడం ఆయనకి ససేమిరా ఇష్టం లేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. వచ్చే దింపు దాకానే. చెట్లెక్కి కాయలు దించే మనుషులు వచ్చిన రోజున పైపు కూడా దిగిపోవాలి.

"ఈలోగా ఎవరైనా ఊరూరా తిరిగి నన్ను పిలవాలండీ. ఎక్కణ్ణించి అందుతోందో తేలాలి. మీరొస్తారా?" అని అడిగింది. శ్రావణమాసంలో సెలవు పెట్టి బయల్దేరాను.

రావులపాలెం, కొత్తపేట

రావులపాలెంలో దిగేసరికి అరటిగెలల లారీలు దారంతా ఆక్రమించుకుని ఉన్నాయి. గెలల పచ్చివాసన, తడిసిన ఎండుటాకుల వాసన. నా భుజాన ఒక పొడుగాటి గుడ్డసంచి, అందులో అల్యూమినియం కడ్డీల ఏంటినా, చిన్న చేతి సెట్టు. కొత్తపేట బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ దాన్ని ఒకసారి తడిమి చూసి, "చేపల గేలమాండీ?" అని అడిగింది.

"కాదమ్మా, ఏంటినా."

"ఇప్పుడు కూడా ఏంటినాలున్నాయాండీ? మా ఇంటి మీదది పడిపోయి ఎన్నాళ్ళయిందో" అని నవ్వింది. ఇంతలో బస్సు కుదుపుకి నా సంచి జారి ముందు సీటు ఆయన తలకి ఠంగుమని తగిలింది. మా ఊళ్ళో అయితే ఒక మాట పడేదాన్నే. ఆయన తల రుద్దుకుంటూ వెనక్కి తిరిగి, "దెబ్బేం తగల్లేదండి, మీ సామాను చూసుకోండి, వంగిందేమో" అన్నారు. నాకు సిగ్గేసింది.

కోనసీమ మాటలో నాకు మొదట నచ్చింది "ఆయ్". మనం ఏం చెప్పినా "ఆయ్" అంటారు. విన్నాను, అర్థమైంది, అలాగే అని మూడు ముక్కలూ అందులోనే ఉన్నాయి. మేం వైర్‌లెస్‌లో ఇదే సంగతి చెప్పడానికి ఇంగ్లీషు మాటలు అరువు తెచ్చుకుంటాం. వీళ్ళు కొబ్బరిబోండం కొడుతూ కూడా అనేస్తున్నారు. బోండం సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను, సిద్దిపేటలో సగం నీళ్ళున్న దానికి ఇచ్చే డబ్బుతో ఇక్కడ కడుపు నిండా తాగి, లేతకొబ్బరి తిని, ఇంకా చిల్లర తీసుకోవచ్చు.

పలివెల

పలివెలలో ఉమా కొప్పులింగేశ్వరుడి దర్శనం చేసుకున్నాను. శివలింగానికి కొప్పు ఉండడం ఎక్కడా చూడలేదు. ఇక్కడివాళ్ళకి అది వింత కాదు, మా స్వామికి కొప్పుందండి అని ఇంట్లో పెద్దాయన గురించి చెప్పినట్టు చెబుతారు. సంచీని బయట పూలమ్మే ఆవిడ దగ్గర పెట్టి వెళ్ళాను. వచ్చేసరికి ఆవిడ దాని మీద రెండు మూరల కనకాంబరాల దండ పరిచి ఉంచింది, ఎండ తగలకుండా నీడలో.

గుడి వీధి దాటి పొలాల మొదట్లో నిలబడి మొదటిసారి పిలిచాను. గరగర. మళ్ళీ పిలిచాను. ఆ గరగరల అడుగు నుంచి సూర్యావతి గొంతు లేచింది.

"వినపడుతున్నారండీ! పలివెలేనా? నిజంగానా అండీ?"

చేలో కలుపు తీసేవాళ్ళు తలలెత్తి చూశారు. నేను గట్టుమీద ఒక్కదాన్నే నవ్వుతూ నిలబడ్డాను.

కపిలేశ్వరపురం ఎదుటి లంక

అసలు పరీక్ష లంకల్లోనే. మర్నాడు కపిలేశ్వరపురం రేవులో గంగరాజుగారు కలిశారు. ఆయనకి లంకలో వంగ, దొండ, అరటి తోటలున్నాయి, ఒక గేదె కూడా అక్కడే ఉంటుంది. కూలికి వచ్చే ఆడవాళ్ళతో కలిసి నన్నూ పడవెక్కించుకున్నారు. పడవ మమ్మల్ని దింపి ఇంకో బాడుగకి దిగువకి వెళ్ళిపోయింది. సాయంత్రం వస్తానన్నాడు పడవాయన.

పొద్దున అంతా హాయిగా గడిచింది. లంక నుంచి పిలిస్తే సూర్యావతి పక్క గదిలో ఉన్నంత బాగా వినబడింది. "మధ్యాహ్నం అమలాపురంలో మా చుట్టాలింట్లో సీమంతం ఉందండి, వెళ్ళొస్తాను. సెట్టు మాత్రం ఆపను" అంది. కూలివాళ్ళతో కూర్చుని చద్దన్నం, మాగాయ, పచ్చి ఉల్లిపాయ తిన్నాను. వాళ్ళలో మంగ అనే ఆవిడ మహా మాటకారి. "మా తెలంగాణలో పొద్దున జొన్నరొట్టె" అని నేనంటే, "జొన్నలా అండీ? పావురాలకి వేస్తాం మేం!" అని నా మొహం చూసి, వెంటనే, "తప్పుగా అనుకోకండేం, మీరు చేసి పెడితే తినేస్తాను" అంది.

అన్నాలయ్యాక మబ్బు పట్టింది. చూస్తుండగానే పెద్దగాలి, వెనకే వాన. అందరం పాకలో ముడుచుకుని కూర్చున్నాం. వాన తెరిపిచ్చి బయటికొస్తే, పొద్దున మేం నడిచొచ్చిన ఇసక మీద ఎర్రనీళ్ళు పారుతున్నాయి. గంగరాజుగారు నీటి అంచున ఒక కర్ర పాతారు. కాసేపటికే నీళ్ళు కర్రని దాటి వచ్చాయి.

"పైన ఆనకట్ట గేట్లు ఎత్తినట్టున్నారండి" అన్నారు నెమ్మదిగా. అప్పటిదాకా ఆయన మొహంలో ఉన్న నవ్వు లేదు.

ఆయన ఫోనులో సిగ్నల్ లేదు. మంగ ఫోనులోనూ లేదు. గట్టు మీద కరెంటు పోయి ఉంటుందని, టవరూ ఆగి ఉంటుందని అన్నారు. పడవ జాడ లేదు. కేకేస్తే అందే దూరం కాదు. కూలివాళ్ళలో ఒకావిడ పొద్దున పాలు తాగే పిల్లని తన తల్లి దగ్గర వదిలి వచ్చిందట, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలెట్టింది.

నేను ఏంటినా బయటికి తీసి, లంకలో ఎత్తయిన చోట నిలబడి మామిడికుదురు వైపు తిప్పి పిలిచాను. సూర్యావతి అమలాపురం వెళ్ళిందని తెలుసు. అయినా పిలిచాను. గరగర. మళ్ళీ మళ్ళీ పిలిచాను.

టిక్కుమంది. ఒక ముసలాయన ఆయాసం వినబడింది.

"ఎవరమ్మా? మా కోడలు లేదండి. అమలాపురం వెళ్ళిందండి. నేను వీర్రాజునండి, ఆళ్ళ మావగారిని. తమరేదో కంగారుగా పిలుస్తుంటే వీధిలోంచి పరిగెత్తుకొచ్చేనండి. ఏవైందండి? మాట్లాడరేంటండి? వినపడతాందా అండి?"

ఈ సెట్లలో బొత్తాం నొక్కి ఉంచినంతసేపూ మనం మాట్లాడడమే, అవతలివాళ్ళ మాట వినబడదు. చెప్పడం అయ్యాక వదలాలి. ఆ సంగతి ఆయనకి తెలియదు. బొత్తాం గట్టిగా నొక్కి పట్టుకుని, "పలకండమ్మా, పలకండి" అని బతిమాలుతున్నారు. నేనిక్కడ "వదలండి బాబాయిగారూ, వదలండి" అని సెట్టుకి దణ్ణాలు పెడుతున్నాను.

"ఎవరండీ ఈయన? మనకి సందివ్వట్లేదు!" అంది మంగ. ఆ భయంలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు.

చివరికి ఆయనకి విసుగొచ్చి, మైకు బల్ల మీద పెట్టి వాళ్ళావిడని కేకేసినట్టున్నారు. టిక్కుమని బొత్తాం వదిలిన చప్పుడు. నేను ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"బాబాయిగారూ, నేను సిద్దిపేట విజయనండీ. మాట్లాడేటప్పుడే బొత్తాం నొక్కండి, అవగానే వదిలెయ్యండి. మేం లంకలో చిక్కుకున్నాం. నీళ్ళు పెరుగుతున్నాయి. పడవ కావాలి."

తర్వాత "ఆయ్" అని ఒక్క మాట, వెంటనే టిక్కుమని బొత్తాం వదిలిన చప్పుడు. ఆయన ఒక్కసారికే నేర్చేసుకున్నారు.

ఆ తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ నేల తెలిసిన మనిషివి. ఎవరి తోట? లంకకి ఎగువ కొసనా, దిగువ కొసనా? ఎంతమంది? పశువులున్నాయా? పాకలో ఎత్తైన చోటుందా? గంగరాజుగారు చెబుతుంటే నేను అందించాను.

"అవతల గట్టుకి ఫోన్లు లేకపోతే పోనివ్వండి. ఇవతల గట్టున, కొత్తపేట వైపు, మా బావమరిది ఉన్నాడండి. ఆళ్ళ ఊళ్ళో ఇంజను పడవుంది. నే ఫోను చేస్తాను. మీరా మిషను మాత్రం కట్టెయ్యకండేం."

ఎదురుచూడడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. కానీ ఆయన మమ్మల్ని ఒంటరిగా వదల్లేదు. కాసేపటికోసారి టిక్కుమని వచ్చేవారు. "బావమరిది దొరికేడండి." "పడవ విప్పేరండి." "ఏదైనా రంగుబట్ట కర్రకి కట్టి ఎత్తమన్నాడండి, ఆనవాలుకి." మంగ తన ఎర్ర తువ్వాలు తీసి వెదురుకి కట్టి ఎత్తి పట్టుకుంది. చేతులు పీకుతున్నా ఎవరికీ ఇవ్వలేదు. ఏడ్చే ఆవిడ కూడా నా పక్కకొచ్చి సెట్టుకి చెవి ఆనించి నిలబడింది.

పొద్దు వాలకముందే ఇంజను చప్పుడు వినబడింది. ఇద్దరు మనుషులు, పొడుగాటి పడవ. అందరం ఎక్కాం. గంగరాజుగారు గేదె పలుపు పట్టుకుని పడవ పక్కనే ఈదించుకొచ్చారు. నడి గోదాట్లో ఉండగా సెట్టు మళ్ళీ పలికింది.

"మనుషులందరూ ఎక్కేరా అండి?"

"ఎక్కాం బాబాయిగారూ. గేదె కూడా వస్తోంది."

"అయితే... ఇప్పుడు నేను లేవొచ్చా అండి? నడుం పట్టేసింది."

పడవలో అందరూ ఘొల్లుమని నవ్వారు. ఇందాక ఏడ్చినావిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

మామిడికుదురు

సూర్యావతి గొంతుని బట్టి నేను పొడుగాటి మనిషిని ఊహించుకున్నాను. గుమ్మంలోకి వచ్చినావిడ నా భుజం దాకానే ఉంది. ఇద్దరం ఒకరి చేతులొకరు పట్టుకుని, వైర్‌లెస్‌లో అన్నట్టే "నమస్కారమండీ" అనుకున్నాం.

అరుగు మీద వీర్రాజుగారి చుట్టూ జనం. లంక కథ ఆయన అప్పటికే చాలాసార్లు చెప్పినట్టున్నారు, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు పెంచాలో తెలిసిపోయింది. బొత్తాం సంగతి మాత్రం కథలో లేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

ఆ ఇంట్లో మామగారు, కోడలు నేరుగా మాట్లాడుకోరు. కోపం కాదు, మర్యాద. ఇన్నేళ్ళ కాపురంలోనూ ఆయన ఏం చెప్పాలన్నా భార్యకి చెబుతారు, కోడలు అత్తగారికి బదులిస్తుంది. మా ఇంట్లో మా మామగారు నాతో పేపరు కోసం పోట్లాడేవారు. ఇదేం పద్ధతని మొదట నవ్వొచ్చింది. కానీ పొద్దున్నే తోటలోకి వెళ్ళే ముందు, కోడలి వైర్‌లెస్ బల్ల మీద కిటికీలోంచి జల్లు పడుతోందని ఆయనే స్వయంగా రెక్క మూసి వెళ్ళడం చూశాను.

ఆ రోజే దింపు. కాయలు దించే ఆయన చెట్టు కింద నిలబడి, "పైపు దింపెయ్యమన్నారు కదండీ, ముందు అదే తియ్యనా?" అని అడిగాడు. సూర్యావతి నా పక్కన వంటింటి గుమ్మంలో ఉంది.

వీర్రాజుగారు తల పైకెత్తి ఏంటినా వైపు చాలాసేపు చూశారు.

"దాన్ని ముట్టుకోకు. దాని పక్క కాయ కూడా నెమ్మదిగా దింపు, తీగకి తగలకుండా." తర్వాత భార్య వైపు తిరిగి, "గాలికి ఊగుతాంది. ఇంకో కట్టు వెయ్యాలేమో కనుక్కో" అన్నారు.

"వెయ్యాలండి అత్తయ్యగారూ" అంది సూర్యావతి, ఆయనకి నాలుగడుగుల దూరంలో నిలబడి.

మధ్యాహ్నం పనసపొట్టు కూర ఆవపెట్టి వడ్డించారు. పనసకాయని ఇంత సన్నగా ఎలా కొడతారో వీధిలో కత్తి చప్పుడు విని తెలుసుకున్నాను. మూడుసార్లు పెట్టించుకున్నాను. దూరాన గ్యాసు బావి మంట కొబ్బరి తలల మీదుగా ఎర్రగా కనబడుతోంది. ఇక్కడివాళ్ళు దాని వంక చూడను కూడా చూడరు.

రాజోలు

ఇక మిగిలింది సముద్రపు కొస. సూర్యావతి ఇంట్లో సెట్టు దగ్గర ఉండాలి, నేను అంతర్వేది వెళ్ళాలి. "నేనూ వస్తానని చెప్పు" అన్నారు వీర్రాజుగారు భార్యతో. ఇస్త్రీ పంచె, కండువా వేసుకుని పెళ్ళికి వెళ్ళినట్టు బయల్దేరారు.

రాజోలులో ఆయన పాత స్నేహితుడి సెల్‌ఫోన్ల కొట్లో టీ తాగాం. సుబ్బారావుగారు. ఒకప్పుడు అదే కొట్టు ఎస్టీడీ బూత్. ఇక్కడి ఇళ్ళ నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో పని చేసి ఇల్లు నిలబెట్టారు. వాళ్ళ ఫోన్లన్నీ ఈ బూత్‌కే వచ్చేవట.

"ఫలానా వారిని పిలవండి, మళ్ళీ చేస్తానని పెట్టేసేవారండి. నేను సైకిలేసుకుని ఊళ్ళంట పడేవాణ్ణి. తల్లి, పిల్లలు, ముసలాళ్ళు అందరూ వచ్చి ఆ గాజుపెట్టెలో ఇరుక్కునేవారు. ఫోనుకి ముందు క్యాసెట్లండి. మాటలన్నీ టేపులో చెప్పి, వెళ్ళేవాళ్ళ చేత పంపేవారు. కోడి కూత కూడా రికార్డు చేయించుకుని తీసుకెళ్ళిన అమ్మాయి ఉందండి."

ఇప్పుడాయన కొట్లో వీడియో కాల్స్ చేసుకునే ఫోన్లు అమ్ముతున్నారు. "ఇదంతా వచ్చేక సైకిలు తుప్పు పట్టిందండి, నాకు పొట్టొచ్చింది" అన్నారు. కానీ ఆ గాజు తలుపు మాత్రం తీసెయ్యకుండా కొట్టు వెనక నిలబెట్టుకున్నారు. ఇంతమంది క్షేమం ఒకరికొకరికి అందించిన మనిషి టీ గ్లాసు కడుక్కుంటుంటే, నాకు లేచి నమస్కారం పెట్టాలనిపించింది. పెట్టాను. ఆయన కంగారుపడి తడి చేతులతోనే తిరిగి పెట్టారు.

అంతర్వేది

నరసింహస్వామి దర్శనమయ్యాక గోదావరి సముద్రంలో కలిసే చోటికి నడిచాం. ఒకవైపు ఎర్రనీళ్ళు, ఒకవైపు నీలం, మధ్యలో నురగ గీత. వలలు బాగు చేసుకుంటున్న మత్స్యకారులు మా కడ్డీలు చూసి దగ్గరికొచ్చారు. వాళ్ళ పడవల్లోనూ వైర్‌లెస్ సెట్లున్నాయి, ఇదేం రకమని ఆసక్తిగా అడిగారు.

పిలిచాను. మొదటి పిలుపుకే జవాబు వచ్చింది. సన్నగా, కానీ తేటగా.

"వినపడుతున్నారండీ. అంతర్వేదేనా?"

లంక నుంచి సముద్రం దాకా అంతా అందుతోంది. అది ఒక ఇంటి కోడలు అల్యూమినియం కడ్డీలు కోసి, లెక్కలు కట్టి చేసిన పని. నేను ఏమీ చెయ్యలేదు, తిరిగానంతే. అయినా నా గుండె నిండిపోయింది. మత్స్యకారులు చప్పట్లు కొట్టారు.

వీర్రాజుగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా విజయా, నేనొక మాట చెప్పొచ్చా?"

"చెప్పండి బాబాయిగారూ. బొత్తాం నేను నొక్కుతాను."

ఆయన కండువా సర్దుకుని, సెట్టుకి దగ్గరగా వంగి, సముద్రం వైపు చూస్తూ మొదలుపెట్టారు.

"అమ్మా సూర్యావతీ. నేను, మావయ్యని. నువ్వు చేసింది చాలా గొప్ప పనమ్మా. నాకు తెలీక అడ్డం పడ్డాను. మన ఇంటికి నువ్వు రావడం మా అదృష్టం. అంతేనమ్మా."

నేను బొత్తాం వదిలాను. అవతల నుంచి ఏమీ రాలేదు. గరగర, అలల చప్పుడు. వీర్రాజుగారు నా వైపు భయంగా చూశారు, అందలేదేమోనని. నాకూ అదే అనుమానం వచ్చి మళ్ళీ పిలవబోయాను.

అప్పుడు టిక్కుమంది.

"మీ మాట స్పష్టంగా అందిందండీ, మావయ్యగారూ."

బొత్తాం ఇంకా వదల్లేదు.

"ఇంకొక్కసారి చెప్పండి."

మా వైర్‌లెస్‌లో మాట అందనప్పుడే మళ్ళీ చెప్పమని అడుగుతారు. ఆ సంగతి ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు. బొత్తాం నొక్కి పట్టుకున్నాను. వీర్రాజుగారు ఈసారి నిటారుగా నిలబడి, ఒడ్డున ఉన్న పడవలన్నిటికీ వినబడేంత గట్టిగా, మొదటి నుంచీ చెప్పారు.